టౌన్‌హాల్ 9లో డార్క్ ఎలిక్సిర్ చాలడం లేదు, ఏ హీరోని ముందు పెంచాలి?

గుణుపురం_కుర్రోడు

అందరికీ నమస్కారం. క్లాష్ ఆఫ్ క్లాన్స్ ఈ మధ్యే మొదలుపెట్టి టౌన్‌హాల్ (ఊరి స్థాయి చెప్పే ప్రధాన కట్టడం) 9కి వచ్చాను. హీరోల్లో బార్బేరియన్ కింగ్ లెవెల్ 12, ఆర్చర్ క్వీన్ 8, మినియన్ ప్రిన్స్ ఇప్పుడే తెరుచుకున్నాడు, వాడు 2. బిల్డర్లు నలుగురు. హీరోలని పెంచే డార్క్ ఎలిక్సిర్ వచ్చింది వచ్చినట్టే అయిపోతోంది.

మా క్లాన్‌లో సగం మంది ఒడియా కుర్రాళ్లు. యుద్ధం పెట్టే ముందు చాట్‌లో "క్వీన్ కేతే, కింగ్ కేతే" (క్వీన్ ఎంత, కింగ్ ఎంత) అని అడుగుతారు. నా అంకెలు చెప్పగానే లిస్టులోంచి నా పేరు పోతుంది. ఏం చేయాలని అడిగితే ఒకడు కింగ్ అంటాడు, ఒకడు ముగ్గురినీ సమానంగా పెంచమంటాడు. యూట్యూబ్‌లో చూస్తే అన్నీ టౌన్‌హాల్ 16, 17 వాళ్ల వీడియోలే. నాలాంటివాడికి అర్థమయ్యేలా ఎవరైనా చెప్పండి.

సిరొంచ_శీను

కింగ్. ఆలోచించే పని లేదు.

పర్లాకిమిడి_బావ

ఏ సైన్యంతో దాడి చేస్తున్నావో చెప్పలేదు తమ్ముడూ. అది తెలియకుండా ఏ హీరో అంటే ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు, పైన శీను చెప్పినట్టు.

సిరొంచ_శీను

బావా, మొదటి మాటకే నా మీద పడ్డవా. కారణం చెబుతా విను. మొదటి లెవెళ్లలో కింగ్‌కి ఖర్చు తక్కువ. క్వీన్‌కి ఒక లెవెల్ పెంచే డార్క్‌తో కింగ్‌ని అంతకంటే ఎక్కువ పెంచొచ్చు. కొత్తోడికి కావాల్సింది దోపిడీ. కింగ్‌ని ఒక మూల దించితే దెబ్బలు తానే తింటాడు, వెనక గోబ్లిన్లు గల్లాపెట్టెలు ఊడ్చేస్తాయి. నేనైతే అట్లనే పైకొచ్చిన.

రాయగడ_రాణి

దోపిడీకి సరే శీను గారూ. ఈ అబ్బాయిని తీసేస్తున్నది యుద్ధం లిస్టులోంచి కదా.

యుద్ధంలో కింగ్ దగ్గర వచ్చే చిక్కేమిటంటే, ఆయనకి దగ్గర్లో ఏది ఉంటే దాన్నే కొడతాడు. గోడ అడ్డొస్తే గోడని కొడుతూ కూర్చుంటాడు, లేదా ఊరి చుట్టూ ప్రదక్షిణం చేస్తాడు. గాలిలో ఎగిరేవాటిని కొట్టలేడు. అవతలివాళ్ల క్లాన్ కోటలోంచి డ్రాగన్ బయటికొస్తే ఇక ఆయన చూస్తూ నిలబడాల్సిందే. క్వీన్ దూరం నుంచి కొడుతుంది, గోడ అవతల ఉన్నదాన్నీ కొడుతుంది, నేల మీదదైనా గాలిలోదైనా వదలదు. పైగా ఆమె వెనక హీలర్లని (ఎగురుతూ వైద్యం చేసేవి) పెడితే ఒక పక్కంతా ఒక్కతే శుభ్రం చేసేస్తుంది.

నా ఓటు క్వీన్‌కే. పేరు చూసి పక్షపాతం అనుకోకండి.

గుణుపురం_కుర్రోడు

> ఏ సైన్యంతో దాడి చేస్తున్నావో చెప్పలేదు తమ్ముడూ

డ్రాగన్లు అన్నా. ముందు మెరుపు స్పెల్స్‌తో ఎగిరేవాటిని కొట్టే ఎయిర్ డిఫెన్సులు ఒకటో రెండో పగలగొట్టి, తర్వాత డ్రాగన్లన్నీ ఒక వరసలో దించేస్తాను. హీరోలని చివర్లో, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ.

పర్లాకిమిడి_బావ

ఇదిగో, విషయం ఇక్కడుంది. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు.

డ్రాగన్లు తమకి దగ్గరగా ఉన్న కట్టడం మీదికి పోతాయి. నువ్వు అన్నిటినీ వరసగా దించితే మధ్యలోవి లోపలికి వెళ్తాయి, అంచుల్లోవి బయటున్న గుడిసెల్నీ గనుల్నీ పట్టుకుని ఊరి చుట్టూ తిరిగిపోతాయి. అలా సగం సైన్యం వృథా. దీనికి మందు ఏమిటంటే, డ్రాగన్ల కంటే ముందు ఒక అంచున కింగ్‌ని, రెండో అంచున క్వీన్‌ని దించడం. వాళ్లు ఆ రెండు పక్కలా బయటి కట్టడాలు తీసేస్తారు. అప్పుడు మధ్యలో దించిన డ్రాగన్లకి దగ్గర్లో మిగిలేది లోపలి ఊరే. మన వాళ్లు దీన్ని ఫన్నెల్ వేయడం అంటారు.

ఇప్పుడు నీ ప్రశ్న తిరగేసి చూడు. ఈ పనికి కింగ్ 12 సరిపోతాడా? మామూలుగా సరిపోతాడు. బయటి కట్టడాలు బలంగా ఉండవు, దెబ్బలు తినడం ఆయనకి అలవాటే. క్వీన్ 8 సరిపోతుందా? ఒక మోర్టారూ ఒక ఆర్చర్ టవరూ కలిసి కొడితే కాసేపట్లో పడిపోతుంది. ఆమె పడిపోతే ఆ పక్క తెరుచుకోదు, డ్రాగన్లు అటే పోతాయి. కాబట్టి నీ సైన్యానికి లోటు క్వీన్ దగ్గర ఉంది. అదీ లెక్క. హీరో గొప్పదా కాదా అని కాదు, నీ దాడిలో ముందుగా విరుగుతున్నది ఎక్కడ అని చూడాలి.

టౌన్‌హాల్ 9లో కింగ్, క్వీన్ ఇద్దరికీ పరిమితి 30. నిన్ను ఇప్పుడే 30కి తీసుకెళ్లమనడం లేదు. క్వీన్‌ని కింగ్‌తో సమానం చెయ్యి, తర్వాత ఇంకో నాలుగైదు మెట్లు ముందుకి తీసుకెళ్లు, అప్పుడు కింగ్. ప్రిన్స్ ఎగురుతాడు కాబట్టి డ్రాగన్లతో బాగానే కలుస్తాడు, కానీ లెవెల్ 2లో వాడు చేసేదేమీ ఉండదు. ఇప్పటికి తోడు తీసుకెళ్లు, డార్క్ మాత్రం పెట్టకు.

ఇంకోటి. సైన్యాన్నీ స్పెల్స్‌నీ పెంచే ల్యాబ్‌లో ఏం పెడుతున్నావు?

గుణుపురం_కుర్రోడు

ల్యాబ్‌లో ఇప్పుడు హాగ్ రైడర్ నడుస్తోంది. దాని ముందు వాల్కిరీ.

పర్లాకిమిడి_బావ

నాయనా, రెండూ డార్క్ తాగేవే! నువ్వు ఆడేది డ్రాగన్లు. డ్రాగన్‌కి, మెరుపు స్పెల్‌కి మామూలు ఎలిక్సిర్ చాలు. ల్యాబ్‌లో అవే పెట్టు, డార్క్ అంతా హీరోలకి వదులు. డార్క్ ఎక్కడ పోతోందో తెలిసిపోయింది కదా.

సిరొంచ_శీను

ఇది మాత్రం నూటికి నూరుపాళ్లు కరెక్ట్. చాలామంది హీరో ఖర్చే చూస్తారు, ల్యాబ్ చూడరు.

కానీ క్వీన్ సంగతిలో నేను ఒప్పుకోను. బయటి అంచున క్వీన్ పడిపోతోందంటే దించే చోటు తప్పు, లెవెల్ కాదు.

రాయగడ_రాణి

రెండూ ఉంటాయి లెండి. దించే చోటు నేర్చుకునేదాకా కాస్త ఎక్కువ లెవెల్ ఉంటే తప్పుని ఓర్చుకుంటుంది.

అసలు నేను చెప్పాలనుకున్నది వేరే. అందరూ లెవెల్ లెవెల్ అంటున్నారు, సామగ్రి గురించి ఒక్కరూ ఎత్తలేదు. 2023 డిసెంబర్‌లో హీరోల వస్తువులు పెంచే బ్లాక్‌స్మిత్ కట్టడం వచ్చినప్పటి నుంచి ఆట మారిపోయింది. ఒక్కో హీరోకి రెండు వస్తువులు తొడగొచ్చు. హీరో ప్రత్యేక శక్తి ఇప్పుడు ఆ వస్తువుల్లోనే ఉంది. ప్రాణం, దెబ్బ కూడా వాటితో పెరుగుతాయి. వాటిని పెంచడానికి డార్క్ అక్కర్లేదు, బిల్డర్ అక్కర్లేదు, ఎదురుచూపు లేదు. ఓర్ అనే ఖనిజం ఉంటే నొక్కగానే పెరుగుతుంది.

ఓర్‌లో మూడు రకాలు: షైనీ, గ్లోవీ, స్టారీ. స్టారీ ఎపిక్ వస్తువులకి మాత్రమే కావాలి, ఇప్పుడు దాని గురించి నువ్వు ఆలోచించక్కర్లేదు. మామూలు వస్తువుకి చివరి లెవెల్ 18, ఎపిక్‌కి 27. మామూలు వాటిలో ప్రతి మూడో మెట్టు దగ్గర ప్రత్యేక శక్తి పెరుగుతుంది, గ్లోవీ అడిగేదీ అక్కడే. మధ్య మెట్లలో కాస్త ప్రాణం, కాస్త దెబ్బ, అంతే. అందుకే 7 దగ్గరో 8 దగ్గరో వదిలేయడం దండగ. 9 దాకా వెళ్లి ఆగి, అప్పుడు రెండోదాని సంగతి చూడాలి.

తమ్ముడూ, నీ దగ్గర ఏ వస్తువు ఎంతలో ఉందో చెప్పు. అన్నీ 3, 4 దగ్గర ఉన్నాయని పందెం కాస్తాను, మజ్జిగౌరమ్మ మీద ఒట్టు.

గుణుపురం_కుర్రోడు

అక్కా, మీరు నా ఊరు చూశారా ఏమిటి? బార్బేరియన్ పప్పెట్ 4, రేజ్ వయల్ 4, ఆర్చర్ పప్పెట్ 3, ఇన్‌విజిబిలిటీ వయల్ 4, జెయింట్ యారో 2. ప్రిన్స్‌వి ముట్టుకోలేదు.

రాయగడ_రాణి

చూడక్కర్లేదు, కొత్తవాళ్లందరివీ ఇలాగే ఉంటాయి. వండిన అన్నం పది విస్తళ్లలో పిడికెడు పిడికెడు పెడితే ఒక్కరి కడుపూ నిండదు.

నీకు ఇప్పుడు రెండే కావాలి. క్వీన్‌కి ఇన్‌విజిబిలిటీ వయల్, జెయింట్ యారో. వయల్ ఆమెని కాసేపు కనబడకుండా చేస్తుంది, డిఫెన్సులు వేరే వైపు తిరుగుతాయి, ఈలోగా ఆమె కొడుతూనే ఉంటుంది. యారో ఊరిలోంచి నేరుగా దూసుకుపోతూ దారిలో ఉన్నవాటన్నిటినీ గాయపరుస్తుంది. రెండు ఎయిర్ డిఫెన్సులు ఒకే గీత మీద పడేలా క్వీన్‌ని నిలబెట్టి వదిలావంటే, ఆ మేరకు మెరుపు స్పెల్స్ మిగులుతాయి. నీ డ్రాగన్ దాడికి ఇంతకంటే ఏం కావాలి?

పర్లాకిమిడి_బావ

రాణి గారు చెప్పింది బాగుంది. ఒక్క మాట కలుపుతాను. వస్తువులు రెండూ ఒకేసారి పెంచకు. ముందు వయల్. యారో గీత చూసుకోవడం రావడానికి కొంత చేయి తిరగాలి. వయల్ అయితే ఈ రాత్రికే పనికొస్తుంది.

జయపురం_దళపతి

క్లాష్ వాళ్ల సభలోకి అడ్డొస్తున్నాను. నేను ఆడేది లార్డ్స్ మొబైల్. హీరో ప్రశ్న అక్కడ ఇంకా పెద్దది, ఎందుకంటే హీరోని పోగొట్టుకోవచ్చు.

మీ కింగ్ పడిపోతే తర్వాతి దాడికి మళ్లీ లేచి కూర్చుంటాడు. మా దగ్గర హీరోల్లో ఒకడిని లీడర్‌గా పెడతాం. సైన్యంతో పంపిన లీడర్ ఓడిపోతే, లేదా మన కోట మీదికి ఎవడైనా వచ్చి గెలిస్తే, లీడర్‌ని పట్టుకుపోయి వాడి జైల్లో పెడతాడు. అక్కడి నుంచి బలిపీఠం ఎక్కించి చంపేయొచ్చు కూడా. లీడర్ లేకపోతే వాడి వల్ల వచ్చే బలాలన్నీ పోతాయి. కొత్తవాళ్లు బాగా పెంచిన హీరోని లీడర్‌గా పెట్టి, కవచం లేకుండా నిద్రపోతారు. తెల్లారేసరికి ఖాళీ. పడుకునే ముందు లీడర్‌ని షెల్టర్‌లోకి పంపాలి. హీరోని ఎలా పెంచాలో కంటే ముందు నేర్చుకోవాల్సింది ఇదే.

ఎంపిక సంగతికొస్తే, అక్కడ హీరో దశల్లోకీ రాక్షసుల వేటకీ ఐదుగురు వెళ్తారు. ఆ ఐదుగురిలో ఒకడు ముందు నిలబడి దెబ్బలు తినేవాడు, ఒకరు వైద్యం చేసేవాళ్లు తప్పకుండా ఉండాలి. అందరూ కొట్టేవాళ్లే అయితే సగం దారిలో పోతారు. రాక్షసుల్లో కొన్నిటి మీద కత్తి దెబ్బ పనిచేయదు, కొన్నిటి మీద మంత్రం పనిచేయదు. అందుకని మెల్లగా రెండు జట్లు కట్టుకోవాలి. ముందు ఒకటి పూర్తి చేసి, తర్వాత రెండోది. హీరోకి నక్షత్రం పెంచే పతకాలు ఎలైట్ దశల్లో వస్తాయి, రోజుకి ఇన్నిసార్లే అని పరిమితి ఉంటుంది. ఆ అవకాశాలు రోజుకో హీరో మీద చల్లేస్తే ఎవడికీ నక్షత్రం పెరగదు.

సిరొంచ_శీను

జైలు, బలిపీఠం... ఆట ఆడుతున్నరా, సంసారం చేస్తున్నరా!

జయపురం_దళపతి

రెండూ ఒకటే శీను.

కాశీనగర్_కిట్టు

నాది చిన్న డౌటు. మా అన్నయ్య ఒకప్పుడు రైజ్ ఆఫ్ కింగ్‌డమ్స్ ఆడేవాడు, కమాండర్లు చాలా బాగుంటారంటాడు. ఇప్పుడు ప్లే స్టోర్‌లో దొరకడం లేదు. ఒక లింక్ ఉంది, దాని నుంచి వేసుకోవచ్చా?
[లింక్ తొలగించబడింది]

నిర్వాహకుడు

కిట్టు గారూ, లింక్ తీసేశాను. ఆ ఆట 2020 సెప్టెంబర్ 2న మన దేశంలో నిషేధించిన 118 యాప్‌లలో ఉంది. ఏఎఫ్‌కే అరేనా కూడా అందులోదే. అంతకుముందు జూన్ 29న వచ్చిన 59 యాప్‌ల జాబితాలో క్లాష్ ఆఫ్ కింగ్స్ ఉంది. పేరు దగ్గరగా ఉందని క్లాష్ ఆఫ్ క్లాన్స్‌తో కలిపేయకండి, ఇది ఫిన్‌లాండ్ కంపెనీ సూపర్‌సెల్‌ది. బయటి లింకుల నుంచి యాప్‌లు వేసుకుంటే ఫోన్‌లో ఉన్న బ్యాంకు యాప్‌కీ ప్రమాదమే. ఇక్కడ అలాంటి లింకులు పెట్టొద్దు.

పర్లాకిమిడి_బావ

నిషేధానికి ముందు నేనూ రైజ్ ఆఫ్ కింగ్‌డమ్స్ ఆడాను. దాంట్లోంచి ఒక పాఠం ఏ ఆటకైనా పనికొస్తుంది. కమాండర్‌కి నైపుణ్యాలు నాలుగు. శిల్పాలు ఖర్చుపెట్టి పెంచుతాం, కానీ ఏది పెరగాలో మన చేతిలో ఉండదు, తెరుచుకున్నవాటిలో ఏదో ఒకటి పెరుగుతుంది. నక్షత్రాలు పెంచితే కొత్త నైపుణ్యం తెరుచుకుంటుంది. తెలిసినవాళ్లు ఏం చేసేవాళ్లంటే, మొదటి నైపుణ్యం ఒక్కటే తెరిచి ఉన్నప్పుడే శిల్పాలన్నీ దాని మీద పోసి 5కి చేర్చేవాళ్లు. ఆ తర్వాతే నక్షత్రం పెంచేవాళ్లు. తెలియనివాళ్లు నక్షత్రాలు మెరుస్తున్నాయని ముందే పెంచేసి, తర్వాత శిల్పాలు నాలుగు దిక్కులకీ పోతుంటే తల పట్టుకునేవాళ్లు.

ఏ ఆటలోనైనా "పెంచు" అనే బటన్ వెలుగుతోందంటే నొక్కితీరాలని కాదు. నొక్కాక ఏం తెరుచుకుంటుందో, ఏం మూసుకుపోతుందో చూసి నొక్కాలి.

బరంపురం_బాబాయ్

అందరికీ నమస్తే. నాకు ఆట తెలియదు, మా అబ్బాయి తొమ్మిదో తరగతి, ఈ చర్చ వాడే చూపించాడు. హీరో పెంచాలంటే డబ్బులు కట్టాలంటాడు. పోయిన నెల నా ఫోన్‌లోంచి కొంత పోయింది కూడా. నిజంగా డబ్బు పెట్టకుండా ఈ హీరోలు పెరగరా?

రాయగడ_రాణి

పెరుగుతారు బాబాయ్ గారూ. నేను ఒక్క రూపాయి పెట్టలేదు, టౌన్‌హాల్ 14లో ఉన్నాను. డబ్బు పెడితే సమయం తగ్గుతుంది, అంతే. పైగా 2025 మార్చి నుంచి సైన్యం తయారయ్యేదాకా ఆగాల్సిన పని కూడా లేదు. ఎన్ని దాడులైనా చేసుకోవచ్చు, డార్క్ దోచుకోవచ్చు. మీవాడికి ఓపిక ఉంటే చాలు.

మీరు ఈ రోజే చేయాల్సిన పని ఒకటుంది. ప్లే స్టోర్ సెట్టింగులలో ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంచుకోండి.

జయపురం_దళపతి

ఒక తేడా చెప్పాలి. క్లాష్ ఆఫ్ క్లాన్స్‌లో హీరో కోసం లాటరీ లేదు. టౌన్‌హాల్ పెరిగితే హీరో వస్తాడు. హీరో వస్తాడో రాడో తెలియని పెట్టెలు అమ్మే ఆటలు వేరే ఉన్నాయి, పిల్లల చేతిలో డబ్బు కరిగేది ఎక్కువగా వాటిలోనే. అలాంటి పెట్టెలో ఏది ఎంత శాతం వస్తుందో ముందే చూపించాలని ఆపిల్ 2017లో, గూగుల్ ప్లే 2019లో నియమం పెట్టాయి. మీవాడు ఆడేది అలాంటి ఆటైతే ఆ శాతాలు మీరే ఒకసారి తెరిచి చూడండి. చూశాక వాడితో వాదించాల్సిన అవసరం ఉండదు.

బరంపురం_బాబాయ్

పాస్‌వర్డ్ పెట్టేశాను. వాడి మొహం మాడిపోయింది. చాలా థాంక్స్ అమ్మా, బాబూ.

సిరొంచ_శీను

పాపం పిల్లగాడు. వాడికి జెమ్స్ (ఆటలో రత్నాలు, డబ్బుతో కొనేవి) ఎట్ల వాడుకోవాలో చెప్పండి, డబ్బు అవసరమే రాదు. పొదలు, చెట్లు, రాళ్లు తీసేస్తే జెమ్స్ వస్తాయి. అప్పుడప్పుడూ పెట్టె ఒకటి కనబడుతుంది, అందులో 25. అచీవ్‌మెంట్లలో మస్తు వస్తాయి. వాటితో హీరో అప్‌గ్రేడ్ తొందరగా ముగించొద్దు, అది బురదలో పోసినట్టే. మూడో బిల్డర్ 500, నాలుగో బిల్డర్ 1000, ఐదో బిల్డర్ 2000. ఐదుగురూ వచ్చేదాకా జెమ్ ఖర్చు పెడితే నేరం.

గుణుపురం తమ్ముడూ, నీకు నలుగురే ఉన్నరు కదా. ఐదోవాడు రావాలె. అప్పుడు ఒకణ్ణి హీరోలకే వదిలేసినా, మిగతా నలుగురితో ఊరు నడుస్తది.

గుణుపురం_కుర్రోడు

నా దగ్గర 1400 ఉన్నాయి అన్నా. నిన్ననే క్వీన్ ముగించేద్దామని వేలు దాకా వెళ్లాను, ఈ చర్చ చూసి ఆగాను.

ఇంకో సందేహం. మా క్లాన్ లీడర్ హీరోలు అప్‌గ్రేడ్‌లో పెట్టొద్దు, యుద్ధం అయ్యాక పెట్టు అంటాడు. యుద్ధాలు వారమంతా నడుస్తూనే ఉంటాయి. మరి ఎప్పుడు పెట్టాలి?

పర్లాకిమిడి_బావ

ఆయన పాతకాలం మనిషి, అందుకే అలా అంటున్నాడు. కింగ్, క్వీన్ 2013లో వచ్చినప్పటి నుంచి ఏళ్ల తరబడి అప్‌గ్రేడ్‌లో ఉన్న హీరో నిద్రపోతూ ఉండేవాడు, దాడికి వచ్చేవాడు కాదు. ఇప్పుడు అప్‌గ్రేడ్‌లో ఉన్నా దాడికి వస్తాడు. అప్పట్లో మేమంతా యుద్ధం ముగిసిన గంటలో హీరోని పడుకోబెట్టి, తర్వాతి యుద్ధానికి లేచేలా లెక్క వేసుకునేవాళ్లం. ఆ భయం వల్లే చాలామంది హీరోలని అసలు పెంచకుండా వదిలేసేవాళ్లు. దానికన్నా పెద్ద నష్టం లేదు. ఇప్పుడు ఆగాల్సిన పనే లేదు, డార్క్ చేరగానే పెట్టెయ్. మీ లీడర్‌తో నేరుగా మాట్లాడు: "హీరోలు అప్‌గ్రేడ్‌లో ఉన్నా యుద్ధంలో ఆడతారు, పెంచుకుంటాను, కోటకి సైన్యం దానం చేస్తూ ఉంటాను" అని. మర్యాదగా చెప్తే ఏ లీడరూ కాదనడు. నిన్ను లిస్టులోకి తీసుకోకపోతే యుద్ధం ఓర్ మాత్రం రాదు. యుద్ధంలో దాడి చేస్తే ఓడినా కొంత ఓర్ వస్తుంది. ఆ లోటు రోజూ దాడుల్లో నక్షత్రాలకి వచ్చే స్టార్ బోనస్‌తో పూడ్చుకోవాలి.

పుస్తకాలు దాచుకున్నావా? హీరో అప్‌గ్రేడ్‌ని వెంటనే ముగించే బుక్ ఆఫ్ హీరోస్ దొరికితే చిన్న లెవెల్ మీద వాడకు. ఎక్కువ రోజులు పట్టే అప్‌గ్రేడ్ మొదలుపెట్టిన వెంటనే వాడితేనే దాని విలువ.

సిరొంచ_శీను

బావ ఒక్కోసారి నా కంటే మంచిగ చెబుతడు. ఒక్కోసారే.

రాయగడ_రాణి

పైకి వెళ్లాక ఏం వస్తుందో కూడా ఒకసారి చెప్పేస్తే బాగుంటుంది, వాడు ఇప్పటి నుంచే లెక్క వేసుకుంటాడు.

టౌన్‌హాల్ 11లో గ్రాండ్ వార్డెన్ వస్తాడు. ఆయనకి డార్క్ అక్కర్లేదు, మామూలు ఎలిక్సిర్‌తోనే పెరుగుతాడు. కాబట్టి క్వీన్‌కీ ఆయనకీ పోటీ ఉండదు. వచ్చిన రోజు నుంచి ఆయన దగ్గర ఒక బిల్డర్‌ని కూర్చోబెట్టేయాలి. చుట్టూ ఉన్న సైన్యానికి బలం ఇస్తాడు, నేల మీద నడవాలో గాలిలో ఎగరాలో మనమే మార్చుకోవచ్చు. డ్రాగన్లతో వెళ్తే గాలిలో పెట్టాలి. ఇది మర్చిపోయి నేల మీద పెట్టి దించేవాళ్లు మా క్లాన్‌లో ఇప్పటికీ ఉన్నారు. 13లో రాయల్ ఛాంపియన్. గోడలు దూకుతూ డిఫెన్సులనే వెతికి కొడుతుంది. అప్పటికి మళ్లీ డార్క్ కరవు మొదలవుతుంది. ఎంతమంది హీరోలున్నా ఒక దాడికి నలుగురినే తీసుకెళ్లగలం, కాబట్టి అప్పుడు కూడా అందరినీ సమానంగా పెంచాల్సిన పని లేదు.

కాశీనగర్_కిట్టు

రాణి గారూ, క్వీన్ వెనక హీలర్లు అన్నారు. నేను పెట్టాను, హీలర్లు నిమిషంలో చచ్చిపోయాయి.

రాయగడ_రాణి

ఎయిర్ డిఫెన్స్ ఉన్న పక్కన దించి ఉంటావు. హీలర్లు ఎగిరేవి, వాటిని ముందు పట్టుకునేది అదే. దాడికి ముందు ఊరంతా చూడు, ఎయిర్ డిఫెన్సులకి దూరంగా ఉన్న వైపు ఎంచుకో. క్వీన్ నడుస్తూ నడుస్తూ ఎయిర్ డిఫెన్స్ దగ్గరికి చేరేసరికి, ఆమె బాణం దానికి తగిలేంత దూరంలో ఉండి, హీలర్లు ఆమె వెనకే ఉండాలి. క్వీన్ పక్కకి తిరిగిపోకుండా రెండు వైపులా ముందే కొన్ని కట్టడాలు తీసెయ్. ఇది టౌన్‌హాల్ 9లోనే నేర్చుకుంటే మంచిది. పైకి వెళ్లేకొద్దీ ఊళ్లు గట్టిపడతాయి, నేర్చుకోవడం కష్టమవుతుంది.

పర్లాకిమిడి_బావ

కిట్టూ, మన వైపు ఇంకో ఎయిర్ డిఫెన్స్ ఉంది: టవర్. పాతపట్నం వైపు నిలబడితే ఫోన్ ఆంధ్రా సిగ్నల్ పట్టుకుంటుంది, ఇటు నాలుగడుగులు వేస్తే ఒడిశాది. మారే క్షణంలో నెట్ తెగితే క్వీన్ శక్తి బటన్ నొక్కలేం. యుద్ధం దాడి ఎప్పుడూ ఇంట్లో, వైఫై మీదే.

జయపురం_దళపతి

కోరాపుట్ నుంచి రాయగడ రైల్లో ఆడి చూడండి. ఒక సొరంగంలోంచి బయటపడి సిగ్నల్ వచ్చిందనుకునేలోపు ఇంకో సొరంగం. ఆ దారిలో నేను వస్తువులు సర్దుకోవడం తప్ప దాడులు పెట్టుకోను.

గుణుపురం_కుర్రోడు

అన్నలకీ అక్కకీ అప్‌డేట్. లీడర్‌తో మాట్లాడాను, సరే అన్నాడు. ల్యాబ్‌లో హాగ్ రైడర్ అవగానే డ్రాగన్ పెడతాను. క్వీన్‌ని అప్‌గ్రేడ్‌లో పెట్టాను. వయల్ 9 చేశాను, షైనీ మొత్తం అయిపోయింది. ఈ రోజు దోపిడీలో కింగ్‌ని ఒక మూల, క్వీన్‌ని ఇంకో మూల దించి డ్రాగన్లు మధ్యలో వదిలాను. మొదటిసారి డ్రాగన్లు టౌన్‌హాల్ దాకా లోపలికి వెళ్లడం చూశాను. రెండు నక్షత్రాలు.

మూడోది ఎందుకు రాలేదంటే, చివర్లో ఒక మూల నాలుగు గుడిసెలు మిగిలిపోయాయి, టైం అయిపోయింది.

సిరొంచ_శీను

అందుకే నాలుగు మినియన్లు వెనక దాచుకోవాలె. మూలల్లో మిగిలినవి అవి చూసుకుంటయి.

కింగ్‌ని దించిన చోటు ఫోటో పెట్టు, చూస్తా.

గుణుపురం_కుర్రోడు

ఇప్పుడు కరెంటు పోయింది అన్నా, ఫోన్‌లో చార్జింగ్ నాలుగు శాతం ఉంది. రేపు పెడతాను. అప్పటికి గ్లోవీ వస్తే యారోని 3 చేయనా, లేక దాచుకోనా?

రాయగడ_రాణి

దాచుకో. షైనీ కూడా పోగయ్యాక 2 నుంచి నేరుగా 6 దాకా తీసుకెళ్లు.